ఎవరిది అనే గడి

వనపర్తిలో మా హాస్టల్ కింద ఒక అత్తరు దుకాణం ఉంది. సాయంత్రం షట్టరు తీయగానే ఆ ముసలాయన నిప్పుల మీద ఊదు వేస్తాడు. పొగ మెట్లెక్కి మా గదిలోకి వస్తుంది, తోటి అమ్మాయిలు దగ్గుతూ కిటికీ మూస్తారు, నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంటాను. ఆ వాసన గురించి అందంగా రాయాలని నాకు లేదు. అది నాకు మా తాతను, మా ఊరి పీర్ల సావిడిని గుర్తు చేస్తుంది, వాటి వెంటే ఒక ఫోన్ తెరనూ, అందులో గళ్లు గీసిన ఒక పట్టికనూ గుర్తు చేస్తుంది. మొదటి రెండూ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. మూడోది తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

మా ఊరు ఇటిక్యాల మండలంలో, కాలువ పక్కన ఉంటుంది. తాత మా ఊరి పీర్లకు ముజావరు. ఏడాదంతా చెక్కపెట్టెలో గుడ్డలు చుట్టుకుని పడుకునే ఇత్తడి పీర్లను పండుగ నెల రాగానే బయటికి తీసి, చింతపండుతో తోమి, కర్రలకు ఎక్కించి, రంగురంగుల దట్టీ గుడ్డలు కట్టి సావిడిలో నిలబెట్టడం ఆయన పని. సావిడి ముందు గుండం తవ్వేవారు, ఇంటికో మొద్దు తెచ్చి అందులో వేసేవారు, దారిన పోయే ఆడవాళ్లు చెంగులోంచి గుప్పెడు ఉప్పు తీసి నిప్పుల మీద చల్లితే అది చిటపటమని పేలేది, పిల్లలం ఆ చప్పుడు కోసం కాచుకుని ఉండేవాళ్లం. మా నానమ్మ చపాతీలను వేడిమీదనే నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేసేది, బెల్లం పానకంలో మిరియాలూ సోంపూ దంచి వేసి షర్బత్ కుండలు నింపేది, ఆ కుండల దగ్గర ఎవరిది ఏ కులం, ఏ దేవుడు అని ఎవరూ అడగగా నేను వినలేదు. మా ఊళ్లో ఒక్కో పీరు ఒక్కో ఇంటిది. ఊరేగింపులో కొన్నిటిని తురకల ఇండ్లవాళ్లు ఎత్తేవారు, ఎక్కువ వాటిని హిందువుల ఇండ్లవాళ్లు ఎత్తేవారు, ఒక ఇంటి పీరును ఇంకో ఇంటివాడు ముట్టేవాడు కాదు.

తాత ఎంతో గారాబంగా చూసుకునే పీరు తిమ్మప్ప ఇంటిది. తిమ్మప్ప ట్రాక్టర్ నడిపేవాడు. ఆయన తాతను మామా అనేవాడు, తాత ఆయనను అల్లుడా అని ఏడిపించేవాడు. పిల్లలు పుట్టి దక్కకపోతే తిమ్మప్ప భార్య ఆ పీరుకు మొక్కుకుంది, తర్వాత పుట్టిన కొడుక్కు ఆ పీరు పేరు మీదే ఉసేనప్ప అని పెట్టారు. మా వైపు ఇది వింత కాదు. ఉసేనప్ప, మౌలాలి, మస్తానమ్మ అనే పేర్లున్నవాళ్లు నుదుట బొట్టు పెట్టుకుని తిరుగుతారు. ఉసేనప్ప నా తరగతివాడే. పండుగలో వాడి మెడలో ఎర్రదారం వేసి, ఫకీరును చేసి ఇంటింటికీ తిప్పితే, జోలెలో పడ్డ పుట్నాలు మేమిద్దరం సావిడి వెనక కూర్చుని తినేవాళ్లం.

మేం ఎనిమిదిలో ఉండగా రోగానికి భయపడి బళ్లు మూశారు. పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. పొద్దున సీడు పత్తి చేలల్లో పువ్వుకు పువ్వు రాసే క్రాసింగ్ పనికి పిల్లలందరం పోయేవాళ్లం, గట్టు మీద కూర్చుని ఫోన్ తీస్తే వేళ్లకంటిన పసుపుపచ్చ పుప్పొడి తెరంతా అంటుకునేది. అప్పుడు మా సోషల్ సారు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మన ఊరి పండుగలు. అందరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒకే ఫైలులో రాయాలి, ఒకరు రాసేది మిగిలినవాళ్లకు అప్పటికప్పుడే కనిపిస్తుంది, దీన్నే కలిసి పనిచేయడం అంటారని సారు చెప్పారు. నాకూ ఉసేనప్పకూ తోడుగా గద్వాలలో ఉండే కీర్తన అనే అమ్మాయిని వేశారు. ఆమె దగ్గర కంప్యూటర్ ఉంది కాబట్టి ఆమే లీడరు.

పట్టికను సారే గీసి పంపారు. పండుగ పేరు. ఎవరిది. ఎందుకు చేస్తారు. ఎవరిది అనే గడిలో మనం రాయడానికి లేదు. దాన్ని నొక్కితే మూడు మాటలు కిందికి దిగేవి: హిందూ, ముస్లిం, క్రైస్తవ. అందులో ఒకటే ఎంచుకోవాలి.

నేను పీర్ల పండుగ అని రాసి, ఎవరిదని రాయాలని తాతను అడిగాను. ఆయన దట్టీ మడత పెడుతూ తలెత్తకుండానే అన్నాడు.

"ఎవరిదేంది పిల్లా? ఊరిది."

"ఊరిది అని రాస్తే తీసుకుంట లేదు తాతా. ఎర్రగ చూపిస్తుంది."

"గట్లయితే గా డబ్బకే తెల్వదు. మీ సారునొకసారి రమ్మను, మలీద తిని పోయి రాసుకుంటడు."

సారు రాలేదు. ఆ సాయంత్రం ఆ గడి నా కళ్ల ముందే మారింది. కీర్తన ముస్లిం అని పెట్టింది. కాసేపటికి ఉసేనప్ప హిందూ అని మార్చాడు. మళ్లీ ముస్లిం. మళ్లీ హిందూ. నేను ఫోన్ చేస్తే వాడు చేలో నుంచి అరిచాడు.

"మా నాయిన ఎత్తే పీరు ముస్లింది ఎట్లయితది? నువ్వే చెప్పు షబానా!"

"మా తాత సావిడిల ఉంటది గదరా!"

"అయితే ఏంది? మా బర్రె గూడ మీ కొట్టంల కట్టేస్తం వానొస్తె. మీదయితదా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పండుగ గురించి మేం నవ్వుకున్నది అదే ఆఖరు.

మర్నాడు సారు పట్టిక పక్కన ఒక వ్యాఖ్య పెట్టారు: ఇది ముస్లింల పండుగ, సరిచేయండి. సరిచేసింది కీర్తన, తర్వాత ఆ గడి మారకుండా తాళం వేశారు. ఉసేనప్ప అప్పటికే వాళ్ల నాయన పీరెత్తి నిప్పుల పక్క నిలబడ్డ ఫొటో పెట్టి ఉన్నాడు. ఆ ఫొటో ముస్లిం అనే మాట పక్కన, తిమ్మప్ప పేరుతో సహా నిలిచిపోయింది. ప్రాజెక్టు బాగా వచ్చిందని సారు సంబరపడి ఆ లింకును తల్లిదండ్రుల గ్రూపులో వేశారు. లింకున్న వాళ్లెవరైనా చూడొచ్చు, రాయొచ్చు. అట్లా ఎందుకు వదిలేశారో సారుకే తెలియాలి. అక్కడి నుంచి అది ఊరి గ్రూపుకు వచ్చింది, ఊరి గ్రూపు నుంచి రాయచూరు వైపున్న తిమ్మప్ప చుట్టాలకు చేరింది. పేరు చెప్పుకోకుండా వచ్చినవాళ్లకు ఆ ఫైలు ఒక్కో జంతువు బొమ్మ తగిలించేది. నక్క, గబ్బిలం, తాబేలు పట్టిక అంచున వరుసగా వచ్చి కూర్చుని రాశాయి. ఈయన ఎప్పుడు మారిండు? కొడుకు పేరు చూడుండ్రి, అప్పుడే మారినట్టుండు. మన దేవుండ్లు చాలలేదా? నేను గట్టు మీద కూర్చుని అవన్నీ చదివాను. ముఖం ఉన్న మనిషి ఎవరూ మా ఊళ్లో ఆ మాటలు సావిడి ముందు నిలబడి అనలేదు.

పండుగకు సావిడి అలికిన పొద్దున తిమ్మప్ప వచ్చాడు. చెప్పులు విప్పలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"మామా, ఈ యేడు నాతోని గాదు."

"పానం బాగలేదా అల్లుడా?"

"పానం బాగనే ఉంది. మా వదినె వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు జేస్తుండ్రు. వాళ్ల పిల్లకు సంబంధం చూస్తుండ్రు, అటోళ్లు గూడ ఆ ఫొటో చూసిండ్రంట. పరేషాన్ అయితుంది. నువ్వు ఇంకెవరికన్న ఇయ్యి."

"ఎవరికియ్యాలె? గా పీరు నీ ఇంటిది. నీ అయ్య ఎత్తిండు, వాని అయ్య ఎత్తిండు. నేను తుడుస్త, దట్టీ కడుత, గంతే. నాది గాదు తిమ్మప్పా ఇచ్చెటందుకు."

తిమ్మప్ప లోపల నిలబెట్టి ఉన్న పీరు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి డప్పులు మోగాయి, పీర్లన్నీ లేచి గుండం చుట్టూ తిరిగాయి, అది మాత్రం గోడకు ఆనుకుని ఉండిపోయింది. తాత దాని ముందు ఊదు వేస్తూ కూర్చున్నాడు, బయటికి రాలేదు. తర్వాతి చలికాలంలో ఆయన పోయాడు, పీర్ల పని చిన్నాన్న చేతికి వచ్చింది. జనాజాకు తిమ్మప్ప వచ్చాడు, మట్టి వేసి వెళ్లిపోయాడు.

ఆ సారు చెడ్డవాడు కాదని, కాలంతో పాటు పోవాలని చూశాడని మా తరగతివాళ్లు అంటారు. నేను అనను. ఊరికి వచ్చి, గుండం దగ్గర ఒక పూట నిలబడి ఉంటే ఆయనకు ఆ గడి గీయడానికి చేయి వచ్చేది కాదు. రాకుండా గీశాడు కాబట్టే గీయగలిగాడు. అందరం కలిసి రాయడం అన్నారు గానీ, అడగాల్సిన ప్రశ్నా ఆయనే రాశాడు, చెప్పదగిన జవాబులూ ఆయనే రాశాడు. మాకు మిగిలింది కొట్టుకోవడం. దానికి పూర్తి మార్కులు వచ్చాయి.

ఇప్పుడు ఆ ఫైలు తెరుచుకోదు. బడి వాళ్లు పాత ఖాతాలన్నీ తీసేశారు. నక్కలూ గబ్బిలాలూ రాసింది కూడా దాంతోనే పోయింది. కానీ ఊళ్లో ఇప్పుడు షర్బత్ కుండ దగ్గర చిన్నపిల్లలు కూడా ఇది ఎవరిది అని అడిగి తాగుతున్నారు.

ఈ ఏడు పండుగకు ఊరికి పోయాను. ఉసేనప్ప కనిపించాడు. పదో తరగతి పరీక్షకు ముందే వాళ్ల నాయన వాడి పేరు ఉదయ్ కుమార్ అని మార్పించాడు, గద్వాలలో మొబైల్ దుకాణంలో పనిచేస్తున్నాడు. రోడ్డు అవతల బండి మీద కూర్చుని చూస్తున్నాడు. దగ్గరికి పోతే నవ్వాడు.

"ఏం షబానా, మేడమ్ అయినవంటనా?"

"ఇంకా చదువుతున్న. లోపలికి రారా. మా చిన్నాయన మీ పీరును ఎవరికీ ఇస్తలేడు. నీ కోసమే ఉంచిండు."

వాడు బండి తాళం వేలికి తిప్పుకున్నాడు.

"నా కోసం ఉంచొద్దని చెప్పు," అని బండి తీశాడు.

ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు. పండుగ అయిపోయాక చిన్నాన్న ఆ పీరును మిగతావాటితో పాటే కాలువలో కడిగి, తుడిచి, కొత్త గుడ్డలో చుట్టి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాడు. వచ్చే ఏడు తీయడానికి సులువుగా ఉంటుందని అన్నాడు.