చిన్నబాపు చెప్పిన అరవ సినిమా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అరవం ఒక్కరికీ రాదు. అయినా ఆదివారం పగటి అన్నాలు కాగానే కోరుట్లలో మా వాడ ఆడవాళ్లంతా బీడీల చాటలు పట్టుకొని మా ముందరింట్లోకి వచ్చి కూర్చునేవాళ్లు, అరవ సినిమా చూడటానికి. ఆకు చుట్టే వేళ్లు చుడుతూనే ఉండేవి, కళ్లు మాత్రం టీవీ మీద. టీవీ పక్కన మా చిన్నబాపు నిలబడేవాడు. చిన్నబాపు అంటే బాబాయి, మా బాపుకు తమ్ముడు. తెర మీద మనిషి నోరు తెరిచాడో లేదో, ఆ మాటను చిన్నబాపు మన మాటల్లో చెప్పేసేవాడు. అతను ఏడిస్తే ఈయన గొంతు పూడుకుపోయేది. అతను అరిస్తే ఈయన మెడ నరాలు ఉబ్బేవి.

బాపు, చిన్నబాపు ఇద్దరూ గల్ఫ్‌కు పోయినవాళ్లే. బాపు అక్కడే ఉండిపోయాడు. చిన్నబాపు నాలుగేళ్లకు తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక టీవీ, ఒక వీసీఆర్, పెట్టెడు అరవ క్యాసెట్లు తెచ్చాడు. అక్కడ ఆయన ఉన్న గదిలో తక్కిన ఐదుగురూ అరవ వాళ్లేనట. శుక్రవారం సెలవు నాడు వాళ్లు పెట్టుకున్న సినిమాలే ఈయనా చూసేవాడు. అట్లా చూసీ చూసీ వాటి మీద పిచ్చి పట్టింది. మట్టిబాట మీద ఎడ్లబండి పోతుంటే అంత సేపూ చూపిస్తారనీ, ముసలివాళ్ల ముఖాలు ముసలివాళ్ల ముఖాల్లాగే ఉంటాయనీ మురిసిపోయేవాడు.

వచ్చినప్పటి నుంచి ఆయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. గడపలో కూర్చుంటాడు, లేస్తాడు, చెప్పులు వేసుకుంటాడు, విప్పుతాడు. మా బాపమ్మ "నీ అరికాళ్లకు చక్రాలున్నయిరా" అనేది. నాకూ అదే గుణం. బడిలో కుదురుగా కూర్చోలేక తిట్లు తినేదాన్ని. నోరు అంతకన్నా కుదురులేనిది. అందుకేనేమో ఆయన ఎక్కడికి బయలుదేరినా నన్ను స్కూటర్ ముందర నిలబెట్టుకొనేవాడు.

నెలకొకసారి సిరిసిల్ల పోయేవాళ్లం. అక్కడ గల్ఫ్‌లో చిన్నబాపుతో పనిచేసి వచ్చిన ఒక దోస్తు ఉండేవాడు. మగ్గాలు నడిచే ఇల్లు. ఆయన దగ్గర కొన్ని అరవ క్యాసెట్లు, మా దగ్గర కొన్ని. ఇవి ఇచ్చి అవి తెచ్చుకునేవాళ్లం. కథలాపూర్ దాటితే ఇక రెండు పక్కలా పసుపు చేన్లు, మక్క చేన్లు, దూరంగా గుట్టలు. రుద్రంగి దారిలో చిన్నబాపు ఎక్కడో ఒకచోట స్కూటర్ ఆపేసేవాడు. పని ఉండి కాదు. ఇంజన్ చప్పుడు ఆగాక గాలి చప్పుడు వినాలట. "జర సేపు సప్పుడు చెయ్యకు బిడ్డా" అనేవాడు. రెండు నిమిషాలు కూడా నా వల్ల అయ్యేది కాదు.

అవి అన్నల రోజులు. అన్నలంటే నక్సలైట్లు. పగలు పోలీసులు ఊళ్లలో తిరిగేవాళ్లు, చీకటి పడితే అన్నలు వచ్చేవాళ్లని చెప్పుకునేవాళ్లు. పెద్దవాళ్లు ఏది మాట్లాడుకున్నా గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. నాకు అర్థమయ్యేది కాదు గాని ఆ భయం మాత్రం ఒంటికి పట్టేది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం చూసిన సినిమా నాకు బాగా గుర్తు. అందులో ఒక పెద్ద భవంతి, అందులో ఒక దొరసాని. ఊరి జనమంతా కొడవళ్లు పట్టుకొని భవంతి ముందుకు వస్తారు. ముందున్న ముసలాయన చేయెత్తి ఏదో గట్టిగా అంటాడు. చిన్నబాపు ఆ ముసలాయనై నిలబడి, "మా భూమి మాకు ఇడిసిపెట్టు దొరసానీ! మా తాతలు దున్నిన భూమి!" అన్నాడు. బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. బాపమ్మ మెల్లగా లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

మరుసటి వారంలో మా దారి మీద ఎవరో ఒక బస్సు తగలబెట్టారు. బస్సులు బందయ్యాయి. అయినా ఆదివారం పొద్దున చిన్నబాపు క్యాసెట్ల సంచి భుజాన వేసుకున్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, వద్దని మొత్తుకుంది. "ఇంట్ల కూసుంటే నాకు ఊపిరి ఆడుతలేదు వదినా. పగటి అన్నాలకు మల్ల అస్తం" అన్నాడు. నేను అప్పటికే స్కూటర్ ముందర ఎక్కి నిలబడ్డాను.

ఆ రోజు దారి మీద ఒక్క ఆటో లేదు, ఒక్క బండి లేదు. చిన్నబాపుకు ఎంతో ఇష్టమైన నిశ్శబ్దమే, కాని ఆ రోజు ఆయన స్కూటర్ ఎక్కడా ఆపలేదు. ఒక ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసి ఉంది. ఊరి పేరు ఇప్పుడెందుకులెండి. పోలీసులు మమ్మల్ని దింపి, సంచి విప్పించారు. మూడు క్యాసెట్లు. వాటి మీద చేత్తో రాసిన అరవ అక్షరాలు. ఆ రాత ఎవరికీ చదవరాలేదు. అదే మా ప్రాణం మీదికి వచ్చింది.

ఊరు విడిచిపోయిన దొర గడిలో, కోటలాంటి పెద్ద ఇంట్లో, వాళ్ల క్యాంపు. మమ్మల్ని అక్కడికి తీసుకుపోయారు. పెద్ద సారు వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. మా వైపు మనిషి కాదు, మాట వేరుగా ఉంది. అవి అరవ సినిమాలనీ, తనకు అరవం వచ్చనీ చిన్నబాపు చెప్పుకున్నాడు. "సినిమాలంటావు. లోపల ఎవరి ఉపన్యాసాలున్నాయో నాకేం తెలుసు?" అన్నాడు సారు. ఆ వరండాలోనే పోలీసుల కాలక్షేపానికి ఒక టీవీ, వీసీఆర్ ఉన్నాయి. మూడింట్లో ఒకటి తీసి పెట్టించాడు. బొమ్మ పడగానే నాకు తెలిసిపోయింది. మొన్నటి సినిమానే. నాకు సంబరమైంది కూడా. సారు దాన్ని ముందుకు తిప్పించి, తిప్పించి, కొడవళ్లు పట్టుకున్న జనం కనపడగానే ఆపమన్నాడు.

"ఏమంటున్నారు వీళ్లు? నీకు తమిళం వచ్చన్నావుగా, చెప్పు."

చిన్నబాపు చేయి నా భుజం మీద ఉంది. ఆ చేయి సన్నగా వణకడం మొదలైంది.

"జాతర సార్," అన్నాడు. "దొరసానిని జాతరకు పిలువనీకి అచ్చిండ్రు."

"జాతరకి కొడవళ్లెందుకయ్యా?"

"కోతలైనంక చేసే జాతర సార్. కొడవండ్లకు పసుపు బొట్టు పెట్టి మొక్కుతరు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేనున్నదెక్కడో, ఆ గోడకు ఆనించి ఉన్న తుపాకులేమిటో, అన్నీ మరిచిపోయాను. తెలిసిన కథ తప్పు చెబుతుంటే ఊరుకోవడం నాకు ఎన్నడూ చేతకాలేదు.

"గట్ల గాదు గదా చిన్నబాపూ! మా భూమి మాకు ఇడిసిపెట్టుమని గదా గాయన అంటున్నది! మొన్న నువ్వే చెప్తివి!"

పెద్ద సారు కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన ముఖంలో కోపం లేదు, నవ్వు ఉంది. ఆ నవ్వు చూశాకే నాకు భయమేసింది.

"ఏంటమ్మా, ఇంకోసారి చెప్పు. మొన్న ఏం చెప్పాడు? ఎంతమందికి చెప్పాడు?"

నేను చిన్నబాపు చొక్కా పట్టుకున్నాను. అప్పుడు వెనక నుంచి, తలుపు దగ్గర నీళ్ల బకెట్‌తో నిలబడి ఉన్న ఒక కానిస్టేబుల్ మాట్లాడాడు.

"పాప వేరే సినిమా అనుకుంటా ఉండాది సార్. ఆయన సరిగ్గానే చెప్తా ఉండాడు. జాతరే అది."

"నీకెలా తెలుసు?"

"మాది చిత్తూరు పక్క సార్, తమిళనాడు బార్డరు. చదవను రాదు గానీ, మాటలు బాగా తెలుస్తాయి."

పెద్ద సారు ఆయన్ని కిందికీ పైకీ చూశాడు. "అయితే నువ్వే చెప్పు" అని సినిమా నడిపించమన్నాడు.

ఆ కానిస్టేబుల్ బకెట్ కింద పెట్టి ముందుకు వచ్చాడు. తెర మీద జనం చెరుకు తోటలోకి దూరారు. "అమ్మవారిని వెతకతా ఉండారు సార్" అన్నాడు. కొడవళ్లతో చెరుకు నరుక్కుంటూ పోయారు. "ఆమెకు దారి చేస్తా ఉండారు." తోట నడుమ ఒక చిన్నపిల్ల కనపడింది, దొరసాని పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. ఆయన ఒక్క క్షణం తడుముకొని, "అమ్మవారు పాప రూపంలో కనపడింది సార్" అన్నాడు. అక్కడున్న పోలీసుల్లో ఒకాయన నిజంగానే చేతులు జోడించాడు. పెద్ద సారు ఆవులించాడు. మిగిలిన రెండూ కాసేపు తిప్పి చూసి, వాటిలో పాటలు తప్ప ఏమీ కనపడకపోయేసరికి, "ఇలాంటి రోజుల్లో పిల్లనేసుకొని తిరుగుతారా? ఇంటికి పో" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

స్కూటర్ దాకా ఆ కానిస్టేబులే మాతో వచ్చాడు. దారిలో చిన్నబాపుతో అరవంలో ఏదో అడిగాడు. చిన్నబాపు తల వంచుకున్నాడు. ఆయన ఇంకోసారి అడిగి, అర్థమై నవ్వాడు.

"నీకు రానే రాదు గదప్పా."

"అన్నం, నీళ్లు, పని... గిసొంటి మాటలు నాలుగైదు అస్తయి సార్. తక్కినయన్ని వాళ్ల మొకాలు చూసి నేనే అల్లుకుంట."

నేను తలెత్తి చిన్నబాపును చూశాను. ఇన్ని ఆదివారాలు ఆయన గొంతు పూడుకుపోయింది, మేమంతా కళ్లు తుడుచుకున్నది ఆయన అల్లిన మాటలకా?

"మరి నిజంగ ఏమన్నరు సార్ వాళ్లు?" అని అడిగాడు చిన్నబాపు.

"ఏముండాది. దొరసానమ్మ కూతురు తప్పిపోయినాది. ఊరోళ్లు వచ్చి, నువ్వు ఏడవొద్దమ్మా, మేం వెతికి తెస్తాం అంటా ఉండారు. చెరుకు తోటలో దూరేదానికి కొడవళ్లు. అంతే."

చిన్నబాపు రోడ్డు పక్క రాయి మీద కూలబడిపోయాడు. మొదట నవ్వాడు. ఆ నవ్వు ఆగకుండానే కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ సినిమాలో భూమీ లేదు, జాతరా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. మేమే ఒక భయం అల్లుకున్నాం, దాన్ని కప్పడానికి ఇంకోటి అల్లుకున్నాం. నిజం తెలిసిన ఒక్క మనిషి ఆ నిజాన్ని చెప్పి ఒడ్డున నిలబడవచ్చు. చెబితే చిన్నబాపు అబద్ధాలకోరుగా దొరికిపోతాడు. అందుకని ఆయన తన ఉద్యోగం మీదికి తెచ్చుకొని మా అబద్ధంలోకి దిగాడు. ముందెన్నడూ మమ్మల్ని చూడనైనా చూడలేదు.

చిన్నబాపు సంచిలోంచి ఆ క్యాసెట్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన గడి వైపు ఒకసారి చూసి, దాన్ని చొక్కా లోపల దోపుకున్నాడు. "మా బాస విని ఎనిమిది నెలలాయె" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు విన్నదే నువ్వు చెప్పినావు పాపా, ఏడవాకు" అన్నాడు. అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియదు.

సిరిసిల్ల పోలేదు, వెనక్కి తిరిగాం. ఎప్పుడు తిడతాడా అని దారంతా ఎదురుచూశాను. ఇల్లు చేరే ముందు మాత్రం, "తప్పు నాది బిడ్డా. తెల్వంది తెలిసినట్టు చెప్పిన" అన్నాడు. మళ్లీ ఆదివారం ఆడవాళ్లు చాటలతో వచ్చి కూర్చుంటే, చిన్నబాపు టీవీ పక్కన నిలబడలేదు. వాళ్ల నడుమ కూర్చొని, తనకు అరవం రాదని ఒప్పుకున్నాడు. బాపమ్మ, "రాకపోతే ఏమాయెరా, గామె మొకం చూస్తే ఎరుకైతలేదా" అని తనే చెప్పడం మొదలుపెట్టింది. బాపమ్మ కథలు చిన్నబాపు కథల కన్నా బాగుండేవి.

రెండు నెలల తరవాత ఆ దారిన పోతే గడికి తాళం వేసి ఉంది. క్యాంపు ఎత్తేశారన్నారు. ఆ కానిస్టేబుల్ ఏమయ్యాడో, ఎక్కడికి బదిలీ అయ్యాడో, ఆయన చెప్పిన అబద్ధం ఎవరైనా పట్టుకున్నారో, మాకు ఎన్నటికీ తెలియలేదు. అన్నలకూ పోలీసులకూ నడుమ ఎన్నో జరిగిన ఆ ఏళ్లలో ఆయన క్షేమంగా ఇల్లు చేరాడో లేదో కూడా తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాదు.

పెద్దయ్యాక జగిత్యాలలో పంతులమ్మనయ్యాను. బడిలో ఎన్నోసార్లు చూశాను, మా బడి పెద్దసారు ముందు ఒక పిల్ల తడబడుతూ ఏదో చెబుతుంటే, ఇంకో పిల్ల "గట్ల గాదు సార్" అని చేయెత్తుతుంది. చేయెత్తిన పిల్లను నేనెన్నడూ కోప్పడలేదు. నిజం చెప్పొద్దని పిల్లలకు ఎట్లా చెబుతాను? అట్లాగని ఊరుకోలేను కూడా. అందుకే అట్లాంటప్పుడు ఎవరి మాట నిజమని వెతకను. ముందు ఎవరి చేయి వణుకుతోందో చూస్తాను. లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడతాను.