ఆపి ఉన్న మెషిన్‌లో ఎర్ర చుక్క

నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత వీలుపడదు. కథలు కల్పించేంత ఓపిక నాకు లేదని మీకు తెలుసు. ఇది జరిగింది. పోర్ట్ బ్లెయిర్‌లో, డైరీ ఫార్మ్ అనే పేటలో, మా ఇంటి వెనక గదిలో... నా కళ్ళ ముందు.

సాయంత్రం ఆరు. ఆరింటికి దయ్యాలేమిటని అడగొద్దు. మా దీవుల్లో ఐదున్నరకే చీకటి పడిపోతుంది. దయ్యాలకు ఇక్కడ పనివేళలు సౌకర్యంగానే ఉంటాయి.

ఆ గదిలో ఒక పాత సర్వర్ ఉంది. నేను దాన్ని హోమ్ ల్యాబ్ అంటాను. మా ఆవిడ ఇంకేదో అంటుంది. దాని కడుపులో నాలుగు వర్చువల్ మెషిన్లు... అంటే నిజంగా లేని కంప్యూటర్లు. ఉన్నట్టు నటిస్తాయి. వాటిలో ఒకటి నా చిన్ననాటి కంప్యూటర్. ఇనుప డబ్బా ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. లోపలి సరుకంతా ఈ మెషిన్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాను.

ఆ సరుకులో తొమ్మిది సెకన్ల ఎర్రయ్య బాబాయి ఉన్నాడు.

పక్కింటి పైడమ్మ పిన్ని భర్త. చేపల వేటకెళ్ళేవాడు. నేను కొత్తగా మైకు కొన్నప్పుడు ఏదైనా మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలో తోచక, రోజూ పడవలోంచి అరిచేదే అరిచాడు. "ఒసే పైడీ... దీపం సూపించే!" చీకట్లో వచ్చే పడవ అలా కేకేయాలి. గట్టు మీది మనిషి బదులు పలకాలి. బదులు రాకపోతే ఆయన పడవను గట్టుకు తిప్పేవాడు కాదు. ఆ కేకకు మైకు కాస్త ఇబ్బంది పడింది.

సునామీ రోజు వేటకెళ్ళాడు. మనిషి దొరకలేదు. ఇంట్లో ఉన్న ఫొటోలను నీళ్ళు తీసుకుపోయాయి. నా కంప్యూటర్ అటక మీదుండి బతికింది కాబట్టి, మిగిలింది ఆ తొమ్మిది సెకన్లు. అదీ ఆ పాత మెషిన్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు.

సునామీ చూసినవాడికి బ్యాకప్ మీద భక్తి కాస్త ఎక్కువ. ఇంట్లో ఎన్ని కాపీలున్నా చాలవు, ఒకటి సముద్రం దాటాలి. మా తెలుగువాళ్ళలో వైజాగ్ షిప్పు ఎక్కే ప్రతివాడి సామానులో సగం పక్కవాళ్ళదే... ఎండుచేపలు, కొబ్బరినూనె, అప్పుడప్పుడు నా హార్డ్ డిస్కు. మర్నాడు పొద్దున్నే షిప్పు. పిన్ని కూతురు కుమారి వైజాగ్‌లోనే ఉంటుంది, ఆ పాత మెషిన్ మొత్తం కాపీ అయి ఆమెకు చేరాలి. ఈ ఒక్క మెషిన్‌కే అంతవరకూ కాపీ తీయలేదు, సర్వర్‌లోని డిస్కేమో అప్పటికే మొరాయిస్తోంది. ఆ రాత్రి కాపీ అవకపోతే బాబాయి గొంతు ఇక లేనట్టే.

పిన్ని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏట్రా, అయిపోనాదా?"

"ముప్పై శాతం, పిన్నీ."

"ఇడ్లీ పిండి ఇంతకంటే బేగి పొంగుద్ది."

అప్పుడు కరెంటు పోయింది. అందులో వింతేమీ లేదు. యూపీఎస్ కూత మొదలెట్టింది. కీక్... కీక్... దానికి పావుగంట ప్రాణం. కాపీకి ఇంకో పది నిమిషాలు కావాలి. సరిపోతుంది.

పాత మెషిన్ పేరు పక్కన బూడిద రంగు గుర్తు. ఆపి ఉందని అర్థం. ఆపి ఉంటేనే కాపీ సరిగ్గా వస్తుంది. నేనే ఆపాను. రెండుసార్లు చూసుకున్నాను.

ఆ గుర్తు... ఆకుపచ్చగా మారింది.

నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

మెషిన్ తెర తెరిచాను. రికార్డింగ్ ప్రోగ్రామ్ నడుస్తోంది. మూలన ఎర్ర చుక్క. రికార్డు చేస్తోంది... దేంతో? ఆ మెషిన్‌కు మైకు లేదు. సర్వర్‌కు లేదు. అసలు ఆ గదిలోనే లేదు.

పిన్ని మెల్లగా లేచింది. తెర దగ్గరకు వంగింది.

"దీపం ఎట్టినాను," అంది. "వొచ్చీయ్."

తెర మీద, శబ్దాన్ని చూపించే గీత ఎగిరింది. ఆమె మాట ఎంతసేపుందో అంతసేపు. తర్వాత పడుకుంది.

పిన్ని నోరు మూసుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. కీక్... నిశ్శబ్దం... కీక్...

గీత మళ్ళీ లేచింది.

మెల్లగా... పొడవుగా... ఎవరో తీరిగ్గా కబుర్లు చెబుతున్నట్టు. గదిలో మాత్రం ఏ గొంతూ లేదు.

సరిగ్గా అప్పుడే కాపీ నిలిచిపోయింది. మెషిన్ నడుస్తోంది, ఆపితేగానీ కదలనంటోంది.

"ఆపాలి పిన్నీ."

"ఆపకు. జరా రుకో, కాస్తాగు."

"ఆపకపోతే పాత గొంతు కూడా దక్కదు. యూపీఎస్ చచ్చిపోతోంది."

నాలుగు నిమిషాలు గడిచాయి. కూతలు దగ్గరపడ్డాయి. గీత ఇంకా కదులుతూనే ఉంది. పిన్ని తెర మీద అరచెయ్యి ఆనించింది.

"బదులు సెప్పీసినాను కదా... సాల్లే." అది నాతో కాదు. తర్వాత నావైపు తిరిగింది. "ఆపీరా."

రెండుసార్లు వేరే బటన్ నొక్కానని ఒప్పుకుంటాను.

ఆపాను. కాపీ కదిలింది. తొంభై... తొంభై ఆరు... పూర్తి! కాపీ ఎక్కిన డిస్కు లాగానో లేదో, యూపీఎస్ ప్రాణం వదిలింది. మళ్ళీ కరెంటు వచ్చాక సర్వర్‌లోని డిస్కు ఇక లేవనే లేదు. అంటే ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క కాపీ మర్నాడు ఎండుచేపల మధ్య సముద్రం దాటింది.

వారం తర్వాత కుమారి ఫోన్. బాబాయి పోయేనాటికి చంటిపిల్ల. తండ్రి గొంతు విన్నదే లేదు.

"భయ్యా! విన్నాను భయ్యా! నాన్న ఎంత గట్టిగా అరిచాడో! పది సార్లు విన్నాను!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను కూడా ఆ రెంటిలో ఏదో చేస్తున్నాను.

"ఇంకోటి కూడా ఉంది కదా భయ్యా. అందులో అమ్మ ఎవరితో మాట్లాడుతోంది?"

"ఒకటి రెండు మాటలే కదా?"

"గంటసేపుంది! నా పెళ్ళి, ఇంటి రేకులు, మోకాలి నొప్పి... మధ్యమధ్యలో ఆగుతోంది. నవ్వుతోంది. మళ్ళీ చెబుతోంది."

"ఆగినప్పుడు ఏం వినిపిస్తోంది?"

"ఏమీ లేదు."

ఆ మెషిన్ నడిచింది నాలుగు నిమిషాలు. నేను పక్కనే ఉన్నాను. ప్రోగ్రామ్ లోపం అనుకోవచ్చు. ఇంకా మూడు కారణాలు చెప్పగలను. ఒక్కటీ నాకే నచ్చలేదు.

చివరికి పిన్నినే అడిగాను. చేపలు తోముతోంది. కుమారి చెప్పిందంతా చెప్పాను. తలెత్తకుండా విన్నది.

"గంటసేపు మాటాడినానేట్రా?" అంది.

ఆశ్చర్యపోయి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది. సిగ్గుపడింది.