వేలంలో ఓరెస్ట్ కుడిచెయ్యి

కెనడాలోని సస్కాచెవాన్‌లో మా పక్క పొలం ఓరెస్ట్‌కి డెబ్బై నాలుగేళ్లు. ఇక్కడి వేలంలో చెయ్యి కాస్త కదిలిందంటే పాట పెంచినట్టే లెక్క. పార్కిన్సన్స్ మొదలై అతని కుడిచెయ్యి వణకడంతో ఒక్క వేసవిలోనే చర్చి గంట, శవాల బండి, పద్నాలుగు బాతులు ఇంటికొచ్చాయి. వేలం వేసే దొంగసచ్చినోడికి ఆ చెయ్యంటే మహా ప్రేమ.

"ఈ వయసులో లెవోడోపా మాత్రతో మొదలెట్టడమే మంచిది," అన్నాడు డాక్టరు. నెల తిరిగేసరికి వణుకు తగ్గింది. భార్య డారియా ఊపిరి పీల్చుకుంది.

మొన్న శనివారం ఓరెస్ట్ కుంటి గాడిదతో దిగాడు.

"మాత్ర వేసుకోలేదా ఇవాళ?" అని డారియా విరుచుకుపడింది.

"వేసుకున్నానే! చెయ్యి పిసరంత కదల్లేదు, వేలంవాడు నా వైపు చూడనేలేదు. కుర్చీ ఎక్కి అరిస్తే గానీ ఇది దక్కలేదు!"