గోడవైపు తిరిగిన మనిషి

హార్కోమ్ బంగళాలో పనిమనిషికి మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. దొర కుటుంబంలో ఎవరు ఎదురైనా పని ఆపి గోడవైపు తిరిగి నిలబడాలి. పనివాళ్ళ మొహం వాళ్ళ కంట పడకూడదు. పడితే అరిగిపోతారు పాపం! డోర్కస్ పద్నాలుగో ఏట అది నేర్చుకుని, జుట్టు నెరిసేదాకా అలా గోడవైపు తిరుగుతూనే ఉంది. పెద్ద దొర బూట్ల చప్పుడు తెలుసుగానీ ఆయన ముక్కు వంకరో తిన్ననో ఆమెకు తెలియదు.

ఆమె చెల్లెలు లోయిస్ కూడా అక్కడే పనిలో చేరింది. ఒక ఉదయం బొగ్గుల బకెట్టు మోస్తూ మెట్లమీద పెద్ద దొరకు ఎదురుపడింది. ఆ బరువుతో తిరగలేక, నవ్వి "గుడ్ మార్నింగ్ దొరగారూ" అంది. సాయంత్రానికి పెట్టె సర్దించి పంపేశారు. మంచి పిల్ల అని ఒక్క ముక్క రాసివ్వలేదు. అది లేకపోతే మరే ఇంట్లోనూ గడప తొక్కనివ్వరు. లోయిస్ చివరికి బీదల ఆశ్రమంలో దగ్గి దగ్గి పోయింది. ఆ కబురు వచ్చిన రోజు కూడా డోర్కస్ పెద్ద దొర కోసం గోడవైపు తిరిగింది. తిరగకపోతే తనకూ అదే గతి.

ముసలితనంలో పని మానేసి, బంగళా వాళ్ళదే అయిన చిన్న ఇంట్లో చేరాక డోర్కస్, ముందుగా మంచాన్ని గోడ దగ్గర్నుంచి గది నడుమకు లాగింది. చచ్చేదాకా ఇక గోడవైపు తిరగనని ఒట్టు పెట్టుకుంది.

యుద్ధం తర్వాత పన్నులు మీదపడ్డాయి. పెద్ద దొర మనవడు లయనెల్ బంగళాకు టికెట్టు పెట్టి జనానికి చూపించసాగాడు. ఏనుగు చచ్చినా వెయ్యే కదా. ఒకరోజు డోర్కస్ గుమ్మంలోకి వచ్చాడు.

"నీ పాత నల్ల గౌను ఉందా? జనం వచ్చినప్పుడు నడవాలో నిలబడి గోడవైపు తిరుగుదువుగాని. సరదాగా ఉంటుంది."

"నా వల్ల కాదు బాబూ. మోకాళ్ళ నొప్పులు."

"తిరగడానికి మోకాళ్ళెందుకే? ఉత్తినే ఇల్లిచ్చి ఉంచుకున్నాం, అదైనా గుర్తుండక్కర్లేదూ?"

నవ్వుతూనే అన్నాడు. ఆమెకు అర్థమైంది. నల్ల గౌను తీసింది.

ఆమె గోడవైపు తిరగగానే లయనెల్ కథ మొదలుపెట్టేవాడు. "మా తాతగారు దేవుడిలాంటి మనిషండీ. ఇలా తిరగమని ఎవర్నీ అనలేదు. గౌరవంకొద్దీ వాళ్ళే తిరిగేవాళ్ళు."

వింటూ వింటూ డోర్కస్ ఒళ్ళు మండిపోయేది. ఒక ఆదివారం ఇక పట్టలేక జనం వైపు తిరిగింది.

"అబద్ధం! మా చెల్లి లోయిస్ తిరగలేదు. గుడ్ మార్నింగ్ అంది, అంతే. దాన్ని బయటికి గెంటేశారు. బీదల ఆశ్రమంలో దిక్కులేక చచ్చిపోయింది. ఇరవై ఏళ్ళు కూడా లేవు దానికి!"

 టోపీ పెట్టుకున్న ఒకావిడ చప్పట్లు కొట్టింది. వెంటనే అందరూ కొట్టారు.

"ఎంత బాగా చేసిందమ్మా! నిజంగానే అంటోందనుకున్నా."

జనం వెళ్ళాక లయనెల్ వచ్చాడు. డోర్కస్ గుండె దిటవు చేసుకుంది. పోతే పోయింది ఇల్లు, చెల్లి మాట నలుగురికీ చెప్పాను అనుకుంది. కానీ ఆయన మొహం వెలిగిపోతోంది.

"భలే చెప్పావే డోర్కస్! రేపట్నుంచి ప్రతి గుంపుకీ అదే చెప్పు. 'అబద్ధం' అన్నచోట ఇంకాస్త గట్టిగా అను."

మర్నాడు జనం రాగానే డోర్కస్ గోడవైపు తిరిగింది. చెప్పమన్నట్టు లయనెల్ ఎంత దగ్గినా, ఎంత పిలిచినా మళ్ళీ ఇటు తిరగలేదు.