శనివారం తూర్పు ప్రయాణం

మీరు నమ్మని భయాన్ని, మీ వీలు కోసం, ఇంకొకరి మనసులో ఎప్పుడైనా నాటారా? నేను నాటాను. వారశూలను, రాహుకాలాన్ని, వర్జ్యాన్ని ఎండగట్టడానికి వేదిక ఎక్కిన ప్రతిసారీ ఆ బరువు కూడా నాతోపాటే ఎక్కింది. ఇన్నేళ్లూ దించుకోలేకపోయాను.

చాలా ఏళ్ల కిందట, సోమవారం సెలవు కలిసొచ్చిందని, హేతువాద మిత్రులం కొందరం కుటుంబాలతో భీమిలి వెళ్లి సముద్రం ఒడ్డున గడపాలనుకున్నాం. శనివారం పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కాలి. మెట్టుగూడలో ఉండే మా అక్కనూ రమ్మన్నాను. ఆమె అప్పటిదాకా సముద్రం చూడలేదు. మర్నాడే రెజిమెంటల్ బజార్ వెళ్లి ఇసుకలో నడవడానికి చెప్పులు కొనుక్కుంది. ఉప్పునీళ్లకు పాడవని చీర ఏదని మా ఆవిడను అడిగింది. గంగమ్మకు సమర్పిస్తానని పసుపు, కుంకుమ, కొబ్బరికాయ మూటగట్టుకుంది.

ఆ మూట చూశాక నాకు నిద్ర పట్టలేదు. మిత్రుల ముందు మా అక్క సముద్రానికి హారతి పడుతుంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఊరందరితో వాదించేవాణ్ణి, ఆమెతో ఎందుకు వాదించలేదు? ఆమె మారాలని కాదు, ఆ మూడు రోజులూ నా పక్కన కనిపించకూడదని కోరుకున్నానా? అవును. అదే కోరుకున్నాను.

"శనివారం తూర్పుకు వారశూల, పోవద్దంటరు కదక్కా," అన్నాను.

అక్క నవ్వింది. "ఏందిరా, నువ్వు సుత గిట్ల మాట్లాడుతున్నవ్?" అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. "ఏదీ నమ్మనోడివి, నువ్వే అంటున్నవంటే గట్టి ముచ్చటే ఉంటది. నేను రాను. మీరు సుత జెర ఆగుర్రి."

మేం ఆగలేదు. అందరి సెలవులూ ఖాయమైపోయాయని చెప్పి వెళ్లిపోయాం. భీమిలిలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మూఢనమ్మకాల మీద జోకులేసుకున్నాం. ఇక్కడ అక్క, మేం క్షేమంగా తిరిగొచ్చేదాకా అన్నం ముట్టలేదట.

ఆ తర్వాత ఆమె సముద్రం ఊసెత్తలేదు. ఇప్పుడు ఎత్తినా మోకాళ్లు సహకరించవు. పోయిన వారం ఆమె కోడలు పిల్లల్ని తీసుకుని శనివారం విశాఖ బయల్దేరబోతే అక్క అడ్డం పడింది. "మా తమ్ముడు దేవుణ్ణే నమ్మడు, అసొంటోడే చెప్పిండు," అందట. పిల్లలు ఏడ్చి ఊరుకున్నారు. నా హేతువాదమే నా అబద్ధానికి పూచీ పడింది.

నిన్న వెళ్లి అంతా చెప్పాను. అక్క ఒక్కటే అడిగింది.

"అయితే గప్పుడు నేను ఉత్తగనే పరేషాన్ అయిన్నంటవా?"

అవునన్నాను. క్షమించమని అడగలేదు, అడిగే హక్కు నాకెక్కడిది? చెప్పాక నాకు ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అంతే. అక్కకు అలా ఉందని అనుకోను.

మీరూ ఎవరినైనా ఇలా ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే, నా మీద తీర్పు తర్వాత చెప్పండి. ముందు లేచి వెళ్లండి. ఆ మనిషి ఎదురుగా కూర్చుని, అబద్ధమాడానని ఈరోజే చెప్పండి.