బంద్ నాటి బోణీ

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో తొర్రూరులో మాకు కిరాణా దుకాణం ఉండేది. పన్ను లెక్కలు ఇకమీదట ఇంటర్నెట్‌లోనే పంపాలని ఆర్డరు వచ్చింది. మా బాపుకు కంప్యూటరంటే గిట్టదు. రెండు నెలలు నానబెట్టాడు. ఈ నెలా పంపకపోతే దుకాణం రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని నోటీసు వచ్చాక గానీ దారికి రాలేదు. మా తరఫున ఆ పని చేయడానికి పక్క వీధి అకౌంటెంటును కుదిర్చింది నేనే. మా పేరు మీద లెక్కలు పంపే అధికారం ఈయనకు ఇస్తున్నామని రాసిన కాగితం మీద బాపు సంతకం పెట్టి, దుకాణం ముద్ర వేస్తే చాలు.

సరిగ్గా గడువు ఆఖరి రోజే బంద్ వచ్చింది. అకౌంటెంటు పొద్దున్నే వచ్చి, సగం దించిన షట్టరు కింద నుంచి లోపలికి దూరాడు.

"సేటూ, పన్నెండింటికి కరెంటు పోతది. జర జల్ది ముద్ర కొట్టుండ్రి."

"బోణీ గాలె," అన్నాడు బాపు.

బోణీ కాకుండా మా దుకాణంలోంచి అగ్గిపుల్ల కూడా బయటికి పోదు. తాత కాలం నుంచీ అంతే. పోనీ అమ్ముదామంటే బంద్. ఆ రోజు అమ్మితే తెలంగాణకు ద్రోహం చేసినట్టేనని బాపు పట్టు. అకౌంటెంటు ఓ సబ్బు కొంటానన్నా ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గిట్లయితే దుకాణమే ఉండది, ఇగ బోణీ ఎక్కడిది?" అన్నాను. ఆయన దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించుకుంటూ ఉండిపోయాడు. పదకొండు దాటింది.

అప్పుడు ఒక అవ్వ వచ్చింది. నడిరోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. బండ్లు ఆపి, అక్కడే పొయ్యిలు పెట్టి అందరికీ వండుతున్నారు. పప్పులోకి పసుపు చాల్లేదట. బాపు ముఖం వెలిగిపోయింది. ఉద్యమం పొయ్యికి పోయే పసుపు బంద్‌కు అడ్డం కాదు. గబగబా పొట్లం కట్టి చెయ్యి చాపాడు.

"రూపాయి ఇయ్యి అవ్వా."

ముందురోజే ఆ వంటకు బియ్యం బస్తా ఉత్తగా పంపిన మనిషి. అవ్వ ఎగాదిగా చూసింది.

"బియ్యమిచ్చిన చేతుల్తోనే పసుపు అమ్ముకుంటున్నవా కొడుకా?" అంటూ కొంగుముడి విప్పింది.

బాపు సిగ్గుతో తల దించుకునే ఆ రూపాయిని కళ్లకద్దుకున్నాడు. ఉత్తగా ఇస్తే బోణీ కాదు మరి.

వెంటనే సంతకం, ముద్ర పడ్డాయి. కాగితాన్ని రెండు చేతులా అకౌంటెంటుకు అందిస్తూ, "మా దుకాణం పేరు నీ చేతుల పెడుతున్న, పైలం," అన్నాడు. ఆ గొంతు విని నా కోపం సగం దిగిపోయింది. అకౌంటెంటు పరుగెత్తాడు. కరెంటు పోయేలోపే లెక్కలు వెళ్లిపోయాయి.

మధ్యాహ్నం మేమూ రోడ్డు మీద బంతిలో కూర్చున్నాం. అవ్వ వడ్డిస్తూ మా దగ్గరికి వచ్చింది. ఆ రూపాయి అప్పటి నుంచీ బాపు మనసును తొలిచేస్తోంది. సంగతంతా ఆమెకు చెప్పుకున్నాడు. ఆమె గరిటె ఆపి విన్నది.

"గీ ముచ్చట ముందుగాల చెప్తే అయిపోవు గద కొడుకా. పొద్దుగాలనే వచ్చి కొనకపోదునా?" అని ఇంకో గరిటె పప్పు వేసింది.