అమ్మ రాని మూడేళ్లు

కోస తాతకు రెండు విద్యలు వచ్చు. ఒకటి తండ్రి నుంచి వచ్చింది. తండ్రిలాగే తాతా ఆ ఊరి వడ్డె, అమ్మవారు పూనే పూజారి. జబ్బు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చేటలో బియ్యం చూస్తుంటే, ముత్యాలమ్మ ఆయన మీదికి వచ్చి కారణం చెప్పేది. రెండోది అరవయ్యో ఏట నా దగ్గర నేర్చుకున్నాడు. వేలు పొడిచి, కిట్టు మీద రక్తపు బొట్టు వేసి మలేరియా చూడటం. అక్షరం రాని మనిషి, వారం తిరగకుండానే నాకంటే నిదానంగా చేశాడు. కంటికి కనబడనిది కిట్టుకెలా కనబడుతుందని నన్ను చంపుకుతినేవాడు. నాకూ సగమే తెలుసు.

నేను ఎర్రబోరు వైపు పల్లెలు తిరిగే నర్సును, కోంటా పట్నం వర్తకుల ఇంటి పిల్లను. ఓపిక తక్కువ. ఆ ఊళ్లో అమ్మ చెప్పనిదే జ్వరమొచ్చిన పిల్లల్ని ఎవరూ ఆసుపత్రికి కదిలించరు. హుంగా కొడుకు కిట్టు మీద రెండు గీతలు పడి, ఫిట్స్ మొదలైన రోజున అమ్మ రాలేదు. హుంగా చేటకేసి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ వచ్చినట్టు ఊగమని తాత చెవిలో చెప్పింది నేనే. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఊగాడు, ఆసుపత్రికి పొమ్మన్నాడు. పిల్లాడు బతికాడు.

తర్వాత మూడేళ్లలో మరో పదకొండు మంది అలాగే బతికారు. అమ్మ మాత్రం తాత మీదికి మళ్లీ రాలేదు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పాడు. పోతే పోనీ అనుకున్నాను.

నిరుడు వానల్లో తాత ఊగి చెప్పాకే భీమే తన కూతుర్ని ఆసుపత్రికి తెచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. రెండో రోజు పిల్ల పోయింది. పాతిపెట్టి వచ్చి భీమే నేరుగా తాత గుమ్మంలో కూర్చుంది.

"తాతా, దవాఖానకు పొమ్మన్నది అమ్మేనా?"

అవునంటే ఆమె గుండె కాస్త కుదుటపడుతుంది. తాత పక్కనే ఉన్న నేను, అవునను అని కళ్లతోనే బతిమాలాను.

"కాదు బిడ్డా. నేనే అన్న. అమ్మ నన్ను ఇడిసిపెట్టి మూడేండ్లాయె."

ఎందుకు చెప్పావని తిట్టాను. బిడ్డను పోగొట్టుకున్నదానికి కూడా అబద్ధం చెబితే ఇక తానేం మనిషినన్నాడు. నిజం చెబితే అమ్మ తిరిగొస్తుందని ఆశ కూడా పడ్డట్టున్నాడు. రాలేదు. ఊరు ఆయన గుమ్మం తొక్కడం మానేసింది.

ఈ వానల్లో ఇద్దరు పిల్లలు ఇళ్లలోనే పోయారు. కిట్లు పట్టుకుని ఇంటింటికీ నేనే తిరుగుతున్నాను. అమ్మ ఏమన్నదని అడుగుతారు. అబద్ధమాడటానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ముత్యాలమ్మ నా మీదికి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు?